ఇద్దరికీ ఒకటే తీగ

చిత్తూరు దాటినాక గుడిపాల దోవలో
తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీ.
కాటా గదిలో, రేకు కింద
నేనూ, ల్యాప్‌టాపూ, ఈగలూ.
గేటు బయట మూడు రోజులుగా ట్రాక్టర్లు,
కాయలు సోన కారి ట్రాలీ పలకలు జిగటలు.
దొరసామి బీడీ ఆర్పి అంటాడు:
"పచ్చలైటు ఎలగతానే వుండాది మేడం,
బరువు మాత్రం పోనంటాది."

వెలుగుతోంది, నిజమే.
లోపల గుజ్జు మోటారు ఎత్తుకున్నప్పుడల్లా
కరెంటును ఒక్క గుక్కలో తాగేస్తుంది.
ఆ గుక్కకు సగం చచ్చింది చిప్పు.
దీపం ఉంది, మాట పడిపోయింది.
ఏ రిజిస్టరును అడిగినా ఒకటే జవాబు,
నాలుగు ఎఫ్‌లు,
నిద్రలో ఊఁ కొట్టే మనిషిలా.

తిరుపతిలో గంగమ్మ జాతరప్పుడు
మా చిన్నాయన బండ వేషం కట్టి
అమ్మవారినే తిట్టి వచ్చేవాడు,
బొట్లు కడుక్కుని నింపాదిగా అన్నం తినేవాడు.
నేనూ తిట్టాను ఇవాళ, వేషం లేకుండానే.
తిడితే శాంతించే రకం కాదిది.

డేటాషీట్ నలభయ్యో పేజీలో ఉంది పద్ధతి.
రీసెట్ తీగను కిందికి లాగు,
పది మిల్లీసెకన్లు పట్టుకో,
వదులు.
యాభై లెక్కపెట్టి అప్పుడు పలకరించు.
నా డ్రైవర్ వదిలీ వదలక ముందే పలకరించేది,
కళ్ళు తెరవని పిల్ల నోట్లో
ముద్ద కుక్కినట్టు.
పోయినేడు నేనే రాశాను,
రేణిగుంటలో, ఏసీ గదిలో.
అక్కడ అన్నీ పనిచేస్తాయి.

సరే. కొత్త ప్యాకెట్లకు గేటు మూశాను.
ఇంటరప్టుల నోరు నొక్కి
రింగులో మిగిలినవాటిని ఖాళీ చేయించి
అప్పుడు లాగాను తీగను.
లెక్కపెట్టాను.
లేచింది, అడగ్గానే తన పేరు చెప్పింది.
"వొచ్చేసింది!" దొరసామి.
ఆ మాట పూర్తి కాకుండానే
పక్క కిటికీలోంచి సెల్వి కేక.
ఆమె కౌంటర్లో స్లిప్పు సగం అచ్చయి ఆగిపోయింది.
కమ్మీల్లోంచి చాపిన కుప్పన్న చెయ్యి
చాపినట్టే ఉంది.

రెండు పోర్టులు, రెండు చిప్పులు.
ఈ బోర్డు గీసినవాడెవడో
కాస్త రాగి మిగుల్చుకోవాలని
ఇద్దరికీ ఒకటే రీసెట్ తీగ వేశాడు.
చచ్చినదాన్ని లేపబోయి
బతికున్నదాని గొంతు మీద కాలేశాను.
దానికి తెలీదు పాపం, ఎందుకు పోయిందో.
దాని డ్రైవరూ నేను రాసిందే,
దానికీ తెలీదు.

తీగను ఇద్దరి చేతుల్లోంచీ తీసి
పైనున్న బస్సు చేతికివ్వాలి అన్నాను.
బస్సనగానే దొరసామి గేటు వైపు చూశాడు.
వివరించలేదు.
ఎవరికి జబ్బు చేసినా
ఇద్దరూ పని ఆపి, ఇద్దరూ పడుకుని
ఇద్దరూ ఒక్కసారే లేవాలి.
ఇంతకంటే మంచి దారి ఈ బోర్డులో లేదు.
చెమట కీబోర్డు మీద పడుతుంటే
గంటన్నర రాశాను.

పాలసముద్రం నుంచి వచ్చిన కుప్పన్నను
మళ్ళీ కాటా ఎక్కించమన్నారు.
పొద్దున మూడు వేల ఎనిమిది వందల అరవై.
ఇప్పుడు నలభై.
ఇరవై కిలోలు ఎండ తినిందో,
గేటు దగ్గర పిలకాయలు తిన్నారో,
నా రీసెట్ తినిందో.
ఆయన నన్నేమీ అనలేదు.
స్లిప్పు మడిచి తలపాగాలో దోపుకున్నాడు.

మార్పు కింద కారణం రాయాలి.
పక్కవాణ్ణి అడక్కుండా తీగ లాగొద్దు, అని రాసి
చెరిపేసి
రీసెట్ అధికారం బస్సుకు బదిలీ, అని రాశాను.
ఇరవై కిలోలకు ఆ ఫైల్లో వరుస లేదు.

అప్పుడే లోపల మోటారు ఎత్తుకుంది.
రేకులు అదిరాయి, ఫ్యాను ఒక్క క్షణం మందగించింది.
దొరసామి లైటు వైపు చూళ్ళేదు ఈసారి.
నా మొహం చూశాడు.